నాలుగో వరుసలో మేయరమ్మ

మీకు ముందే ఒక విషయం చెప్పేస్తాను. 2009లో వేల్స్ నుంచి వచ్చే మేయరమ్మ ఎవరింట్లో దిగాలన్న దాని మీద మా సికింద్రాబాద్‌లో పెద్ద గొడవ జరిగింది. దానికి కారణం నేను. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎందుకంటే అందరి ముందూ ఒప్పుకున్నాను. ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియనిదేమిటంటే, ఆ తప్పు నాకు ఇరవై రోజుల ముందే తెలుసు. “ఎప్పుడు చూశావమ్మా?” అని అడిగితే “ఇప్పుడే అంకుల్” అన్నాను. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే పిల్లని కాబట్టి నమ్మేశారు.

నా పేరు మేబెల్. మా నాయనమ్మకు చదువు చెప్పిన దొరసాని పేరట. స్కూల్లో ఈ పేరుతో నేను పడ్డ బాధలు ఇక్కడ అనవసరం. 2008లో ఇంజినీరింగ్ అయిపోయింది. క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌ని మా అమ్మ లామినేషన్ చేయించింది. సరిగ్గా అప్పుడే అమెరికాలో బ్యాంకులు మునిగాయి. జాయినింగ్ డేట్ ముందు సెప్టెంబర్ అన్నారు, తర్వాత జనవరి అన్నారు, ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. మారేడ్‌పల్లిలో ఖాళీగా ఉన్న ఇంజినీరంటే అటక మీది కొత్త కుక్కర్ లాంటిది. చూసినవాళ్లందరికీ దాంట్లో ఏదో ఒకటి వండించాలనిపిస్తుంది. అలా నేను స్నేహ సమితికి టెక్నికల్ సెక్రటరీ అయ్యాను. అంటే ఈమెయిళ్లు నేను చూడాలి.

సమితి పూర్తి పేరు సికింద్రాబాద్–లాన్‌బ్రెన్ స్నేహ సమితి. లాన్‌బ్రెన్ అనేది వేల్స్‌లో కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. జనాభా ఆరు వేలు. ఈ రెండూ జంట పట్టణాలు. సికింద్రాబాద్‌కి హైదరాబాద్ అనే జంట ఉండగానే ఈ రెండో సంబంధం కుదిర్చింది సామ్యూల్ అంకుల్. ఆయన రైల్వేలో ట్రైన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. లాన్‌బ్రెన్‌లో ఆవిరి ఇంజన్‌తో నడిచే బొమ్మలాంటి రైలు ఒకటుంది. దాన్ని సరదాకి నడిపే పెద్దమనుషులకు ఆయన ఉత్తరం రాశారు, వాళ్లు జవాబు రాశారు. పదేళ్లు తిరిగేసరికి అది రెండు ఊళ్ల మధ్య స్నేహమైంది. వాళ్ల వైపు కౌన్సిల్ తీర్మానం చేసి, ఊరి మొదట్లో బోర్డు మీద మన పేరు రాయించింది. మన వైపు సామ్యూల్ అంకుల్ లెటర్‌హెడ్ అచ్చు వేయించారు. మూడేళ్లకోసారి వాళ్లు ఇక్కడికి వస్తారు, మధ్యలో మనవాళ్లు అక్కడికి వెళతారు. హోటళ్లలో ఉండకూడదు. ఇళ్లలోనే దిగాలి, ఆ ఇంట్లోవాళ్లు తిన్నదే తినాలి. అది రూలు.

ఆ ఏడాది తొమ్మిది మంది వస్తున్నారు. ఇల్లు ఇస్తామన్నవాళ్లు పది మంది. ఎవరింటికి ఎవరో సామ్యూల్ అంకుల్ తన డైరీలో రాసుకొచ్చి నాకు టైపు చేయమని ఇచ్చారు. అధ్యక్షుడు కాబట్టి వినయంగా తన పేరు అన్నిటికంటే కింద, పదో వరుసలో రాసుకున్నారు. దాని ఎదురుగా మేయర్ ఎలెరి ప్రిచర్డ్ పేరుంది. నాలుగో వరుసలో కమలాబాయి పేరుంది. దాని ఎదురుగా ఏమీ లేదు.

కమలాబాయిది బోయిన్‌పల్లి మార్కెట్‌లో నిమ్మకాయల హోల్‌సేల్ దుకాణం. భర్త పోయాక పదిహేనేళ్లుగా ఒక్కతే నడుపుతోంది. మార్కెట్లో హమాలీల నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ కమలక్క. సమితి మొదటి విందుకి రెండు బస్తాల నిమ్మకాయలు తెచ్చి, వచ్చిన విదేశీయులను చూద్దామని ఆగి, అక్కడే సభ్యత్వం రాయించుకుంది. అప్పటి నుంచి ఒక్క మీటింగ్ తప్పలేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుంటుంది. 2003లో తనింటికి ఒకరిని పంపమని అడిగింది. 2006లో అడిగింది. రెండుసార్లూ వచ్చేసారి చూద్దామన్నారు. రెండు గదుల ఇల్లు, చుట్టూ లారీలు, కుళ్లిన క్యాబేజీ వాసన. ఈసారి ఆమె బాధపడకుండా పేరు చేర్చి ఎదురుగా ఖాళీ వదిలారు. ఎవరికైనా అత్యవసరమైతే ఉంటుందిలే అని సామ్యూల్ అంకుల్ నాతో అన్నారు. ఆ సంగతి ఆమెతో అనలేదు. పేరుంది కాబట్టి అతిథి కూడా వస్తుందనే ఆమె అనుకుంది.

నేను టైపు చేశాను. చూడ్డానికి చక్కగా ఉంటుందని అతిథుల పేర్లను అక్షర క్రమంలో పెట్టాను. అప్పుడు ఎక్సెల్ నన్ను ఏదో అడిగింది. పక్క కాలమ్‌ని కూడా కలిపి కదిలించాలా అని అడిగిందని ఇప్పుడు తెలుసు. నేను చదవకుండా కంటిన్యూ నొక్కాను. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినదాన్ని, ఎక్సెల్‌తో నాకు సలహాలేంటి? ఇళ్ల పేర్లు కదలకుండా అలాగే ఉన్నాయి, అతిథులు మాత్రం కింద మీద అయ్యారు. అలన్, బెతన్, డేవిడ్, ఎలెరి. నాలుగో పేరు వెళ్లి నాలుగో ఇంటి ఎదురుగా కూర్చుంది. ఖాళీ గడి అట్టడుగుకి జారి అధ్యక్షుల వారి ఎదురుగా నిలబడింది. ఆ షీట్‌ని లాన్‌బ్రెన్‌కి పంపేశాను. కంప్యూటర్లో వచ్చినదాన్ని మళ్లీ చూడక్కర్లేదని సామ్యూల్ అంకుల్ నమ్మకం.

వారానికి అతిథుల పరిచయ ఉత్తరాలు వచ్చాయి. కమలక్కకు ఇంగ్లిష్ రాదు కాబట్టి ఆమె ఉత్తరాన్ని ప్రింటు తీసుకుని బోయిన్‌పల్లి వెళ్లాను. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని తెలుగులో చెబుతూ చదివాను. రాసినావిడకు అరవై మూడేళ్లు. వాళ్ల నాన్న పెట్టిన ఇనుప సామాన్ల దుకాణం నడుపుతుంది. పోయిన ఫిబ్రవరిలో భర్త పోయాడు. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఉదయం ఐదింటికల్లా మెలకువ వచ్చేస్తుంది, క్షమించాలి. తనలాగే దుకాణం నడిపే మనిషింట్లో దిగబోతున్నందుకు చాలా సంతోషం. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ ఏడాదికి మా ఊరి మేయర్‌ని కూడా నేనే, కానీ అది ఏడాదికోసారి ఒక మెడ నుంచి ఇంకో మెడకు మారే గొలుసు, పట్టించుకోకండి అని రాసింది.

మేయర్ పదో వరుసలో ఉండాలి. నా కళ్ల ముందు ఆ షీటంతా మళ్లీ గీతలు గీసుకుంది. ఏం జరిగిందో ఒక్క క్షణంలో అర్థమైంది.

“ఆగినవేంది బిడ్డా?” అంది కమలక్క. “పానం మంచిగ లేదా ఆమెకు?”

“మంచిగనే ఉందక్కా.”

“మరి సదువు.”

చదివాను. ఆమె రెండోసారి చదివించుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మల్లన్న పటం వెనక దాచింది. ఆమెకు సుత మొగడు పోయిండా అని ఒక్కమాట అని, లోపలికి వెళ్లి నాకు నిమ్మకాయల సంచి తెచ్చి ఇచ్చింది. అప్పుడే చెప్పేయాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమె అప్పటికే చీర కొంగు నడుముకి దోపి, గదిలోని మంచాన్ని కాలితో తోసి చూస్తోంది.

ఆ తర్వాత ఇరవై రోజులు నేను ఒక పెద్ద ఇంటి పనికి సూపర్‌వైజర్నయ్యాను. మోకాలు వంగని మనిషి కింద కూర్చోలేదని కమలక్క ముందు మరుగుదొడ్డి తవ్వించి కమోడ్ పెట్టించింది. పట్టుకుని లేవడానికి గోడకు ఇనుప పైపు బిగించింది. తర్వాత మంచం సంగతి వచ్చింది. మంచం మరీ కిందికి ఉందని ఆమె అనుమానం. బ్రహ్మచారి అనే వడ్రంగిని పిలిచింది. ఎంత ఎత్తు పెంచాలమ్మా అని ఆయన అడిగితే, ఆమె నావైపు తిరిగింది.

“మేబెల్, ఆమె రోజు కూసునే కుర్సీ నేల మీదికెల్లి ఎంత ఎత్తుంటదో అడుగు.”

నేను ఆ ప్రశ్నను ఇంగ్లిష్‌లో మర్యాదగా ఉండేలా రాయడానికి అరగంట పట్టింది. ఎలెరి నుంచి గంటలో జవాబొచ్చింది. పందొమ్మిది అంగుళాలు. ఎందుకో తెలుసుకోవచ్చా? కమలక్క చెప్పొద్దంది. బ్రహ్మచారి మంచం కోళ్ల కింద టేకు దిమ్మలు అతికించి, నాలుగువైపులా కొలిచి, పందొమ్మిదికి తెచ్చాడు. వెంట్రుక వాసి తేడా లేదు. చాయ్ ఎలా తాగుతుంది, భర్త పోయింది ఏ తారీఖున అన్నవి కూడా కమలక్క ఇలాగే అడిగించింది. నేను చదువుకున్న ఏ ప్రాజెక్టులోనూ యూజర్‌ని ఇంత బాగా అడిగి తెలుసుకున్నవాళ్లు లేరు.

వేల్స్ వాళ్లను ఇంగ్లండ్ వాళ్లంటే వాళ్లకు నచ్చదని కూడా చెప్పాను. అది వివరించడానికి మ్యాప్ పట్టుకెళ్లాను. అవసరం రాలేదు. “మమ్ముల గుంటూరోళ్లంటే ఊకుంటమా?” అంది. మా అమ్మవాళ్లది గుంటూరే. నేను మ్యాప్ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇటు మారేడ్‌పల్లిలో సామ్యూల్ అంకుల్ కూడా కొత్త కర్టెన్లు కట్టించారు, గీజర్ పెట్టించారు, ఏదో పుస్తకం చూసి వెల్ష్ భాషలో రెండు వాక్యాలు బట్టీ పట్టారు. మేయర్ గారి ఉత్తరం ఇంకా రాలేదేమని రోజూ ఫోన్ చేసేవారు. అక్కడ మంచు పడుతోందంకుల్, సర్వర్ పనిచేయడం లేదు అనేదాన్ని. ముప్ఫై ఏళ్లు రైళ్లు ఆలస్యమైతే కారణాలు విన్న మనిషి. మంచు అనగానే ఒప్పుకునేవారు. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసేది. మర్నాడు మళ్లీ బోయిన్‌పల్లి వెళితే కమలక్క గోడకు సున్నం వేయిస్తూ కనిపించేది. చెప్పబుద్ధయ్యేది కాదు.

అతిథులు రావడానికి వారం ముందు సామ్యూల్ అంకుల్ హాల్లో ఆఖరి మీటింగ్ జరిగింది. కోశాధికారి వెంకటరత్నం గారు ప్రింటు తీసిన జాబితాను పైకి చదివారు. నాలుగో ఇల్లు, కమలాబాయి గారు, అతిథి ఎలెరి ప్రిచర్డ్ అన్నప్పుడే హాలు చల్లబడింది. ఆయన ఆగకుండా చివరిదాకా చదివి, పదో ఇంటి దగ్గర కళ్లజోడు సవరించుకున్నారు. “అధ్యక్షులు సామ్యూల్ గారు. ఎదురుగా ఏమీ లేదండి” అన్నారు.

సామ్యూల్ అంకుల్ డైరీ తెచ్చి పోల్చి చూశారు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మిగతా ఇళ్లవాళ్లు అప్పుడే తమ అతిథులతో ఉత్తరాలు రాసుకుంటున్నారు, వాళ్లను కదపొద్దు, ఈ ఒక్కటి సరిచేద్దాం అన్నారు. మేయర్ అధ్యక్షుడింట్లో దిగడం పద్ధతి, లాన్‌బ్రెన్ వెళ్లినప్పుడు తనను కూడా అప్పటి మేయర్ ఇంట్లోనే ఉంచారు అని గుర్తు చేశారు. అదీ నిజమే. తలుపు పక్క కుర్చీలో కమలక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వెంకటరత్నం గారు, ఎవరివైపూ చూడకుండా, మేబెల్ వాళ్లింటికి ఈ మధ్య నిమ్మకాయలు బాగా వెళుతున్నాయని విన్నాను అన్నారు.

కమలక్క ముఖంలో రంగు పోయింది. పదిహేనేళ్లు మార్కెట్లో ఎవరితోనూ ఒక్క మాట పడకుండా దుకాణం నడిపిన మనిషి. నేను లేచి నిలబడ్డాను.

“తప్పు నాది అంకుల్. నేను పేర్లు సార్ట్ చేసేటప్పుడు ఒక్క కాలమే కదిలింది. అక్కకు ఏమీ తెలీదు.”

సార్ట్ అంటే ఏమిటో అక్కడ ఒక్కరికీ తెలియదు. ఎప్పుడు చూశావని సామ్యూల్ అంకుల్ అడిగితే, ముందే చెప్పాను కదా, ఆ అబద్ధం అప్పుడే ఆడాను. కమలక్క తలెత్తి నా ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ లోంచి లేచి, గది మధ్యకు వచ్చింది.

“ఆమె సారు ఇంటికే పోనియ్యుండ్రి. నాకేం తక్లీఫ్ లేదు. సారూ, జెర కలం తియ్యుండ్రి. చెప్త, రాస్కోండ్రి.”

ఆయన డైరీ తెరిచారు. ఆమె నిలబడే చెప్పింది. కుడి మోకాలు వంగదు, సోఫా మెత్తగా ఉంటే లేవలేదు, గట్టి కుర్చీ వేయాలి. కుర్చీ అయినా మంచమైనా పందొమ్మిది అంగుళాలు ఉండాలి. చాయ్‌లో పాలు ముందు పోయాలి, తర్వాత డికాషన్. పోయిన సంవత్సరం ఇదే నెలలో భర్త పోయాడు, పద్నాలుగో తారీఖు, ఆ రోజు సన్మానాలు పెట్టొద్దు, స్టేజీ ఎక్కించొద్దు. ఐదింటికి లేస్తుంది. లేచాక ఒక్కతే కూర్చుంటే ఆయన గుర్తొస్తాడు, కాబట్టి కూర్చోనివ్వొద్దు.

“ఐదింటికి మరి ఏం చేయాలమ్మా?” అన్నారు సామ్యూల్ అంకుల్ రాస్తూనే.

“నేనైతే బోయిన్‌పల్లి మార్కెట్‌కి తీస్కపోదామనుకున్న” అంది. ఆయన అది కూడా రాసుకున్నారు.

మీటింగ్ అయ్యాక ఆటో దాకా ఆమెతో నడిచాను. బస్టాప్ దాటాక అడిగింది.

“నీకు ముందుగాల్నే ఎర్కనా?”

“ఎర్కే అక్కా. మొదటి ఉత్తరం సదివిన నాడే.”

“మరి చెప్పకపోతివి.”

“మంచం చూస్తున్నవ్ అప్పుడు. చెప్పబుద్ధి కాలె.”

ఆటో ఎక్కి కూర్చుని చీర సర్దుకుంది. “మంచిగ చేసినవ్” అంది. “ఇరవై దినాలు ఖుషీగున్న.”

నాకు తిట్లయితే అలవాటే, తట్టుకునేదాన్ని.

ఏర్పాట్లలో అనివార్య కారణాల వల్ల మార్పు జరిగిందని ఎలెరికి మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. మీ ఇష్టం, కమలాబాయి గారికి ఒంట్లో బాగానే ఉంది కదా అని జవాబొచ్చింది.

వాళ్లు వచ్చిన సాయంత్రం స్వాగత సభ జరిగింది. శాలువాలు, పూలదండలు, ప్రసంగాలు. ఎలెరి పొట్టిగా, గట్టిగా ఉంది, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. తన వంతు రాగానే లేచి నాలుగు మాటలు మాట్లాడి, స్టేజీ దిగి నేరుగా వెనక వరుసల్లోకి వచ్చింది. కమలాబాయి ఎవరని అడిగింది. తను తెచ్చిన చిన్న పొట్లం ఆమె చేతిలో పెట్టింది. అందులో ఇనుప టేపుంది, తన దుకాణంలోదే, ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు. మీకు కొలతలంటే ఇష్టమని అర్థమైంది అంది. నేను తెలుగులో చెప్పాను. కమలక్క టేపుని బయటికి లాగి, వదిలి, అది సర్రున లోపలికి వెళ్లడం చూసి తల ఊపింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. మాట్లాడుకోవడానికి భాష లేదు. సామ్యూల్ అంకుల్ వచ్చి భోజనాలకు తీసుకెళ్లారు.

ఎలెరి ఆయనింట్లోనే దిగింది. గట్టి కుర్చీ వేశారు. చాయ్‌లో పాలు ముందు పోశారు. మూడో రోజు పొద్దున ఐదింటికి ముందే నా ఫోన్ మోగింది. సామ్యూల్ అంకుల్. మేయర్ గారు లేచారు, నిన్న మా వీధిలో నడిపించాను, కుక్కలు వెంటపడ్డాయి అన్నారు. డైరీలో ఐదు గంటలు, బోయిన్‌పల్లి మార్కెట్ అని రాసి ఉందమ్మా, నువ్వు కూడా వస్తే తెలుగు, ఇంగ్లిష్ చూసుకుంటావు అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన కంట్రోలర్. రాసుకున్నది జరగకపోతే నిద్ర పట్టని మనిషి. ఎవరు రాయించారన్నది ఆయనకు లెక్కే కాదు.

చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. మారుతి కారుని లారీల మధ్య ఆపి, ఇస్త్రీ ప్యాంటు మీద మఫ్లర్ చుట్టుకుని, ఆయన ఎలెరిని చెయ్యి పట్టుకుని నడిపించారు. కమలక్క దుకాణంలో అప్పుడే నెల్లూరు నుంచి లోడు దిగుతోంది. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగింది. ఆశ్చర్యపోవడానికి ఆ టైములో ఎవరికీ తీరిక ఉండదు. ఒక మూట మీద గోనెపట్టా మడిచి వేసి ఎలెరిని కూర్చోబెట్టింది, ముందు ఒక గంప పెట్టింది, మూడు నిమ్మకాయలు చూపించింది. పెద్దది ఇటు, చిన్నది అటు, మచ్చలున్నది ఈ బుట్టలోకి. ఎలెరి స్వెటర్ చేతులు పైకి మడిచింది.

నేను ఆ ఉదయం చాలాసేపు అనువాదం చేయకుండా ఊరికే కూర్చున్నాను, అవసరం పడలేదు. పుట్టినప్పటి నుంచి దుకాణంలో పెరిగిన చేతులు అవి. గంట తిరిగేసరికి ఎలెరి రెండు చేతులతో ఏరుతోంది. ఒక బేరగాడు ఏరిన పెద్ద కాయల్లోంచి తీసుకోబోతే చేతి మీద చిన్నగా కొట్టింది. వాడు కమలక్కవైపు చూస్తే, ఆమె కొట్టడమే న్యాయమన్నట్టు తల తిప్పుకుంది. సామ్యూల్ అంకుల్‌కి కూడా ఒక గంప వచ్చింది. అధ్యక్షుల వారు మచ్చల కాయలు ఏరారు. వచ్చేపోయే హమాలీలు గామె ఎవరక్కా అని అడిగితే, కమలక్క మా దోస్తు అని చెప్పింది. మేయర్ అని ఒక్కరికీ చెప్పలేదు.

ఏడింటికి ఎలెరి నా చెవిలో బాత్రూమ్ ఎక్కడుందని అడిగింది. మార్కెట్‌లోది ఆమె మోకాలికి కుదరదు. కమలక్క ఇల్లు నాలుగు అడుగుల్లో ఉంది. తీసుకెళ్లాం. సామ్యూల్ అంకుల్ కూడా వెనకే వచ్చి అరుగు మీద నిలబడ్డారు.

ఎలెరి లోపలికి వెళ్లి, వచ్చింది. ఆ గోడ పైపు వైపు, కమోడ్ మీద ఇంకా ఊడని కంపెనీ స్టిక్కర్ వైపు వెనక్కి తిరిగి చూసింది. తర్వాత గదిలో మంచం కనిపించింది. కొత్త టేకు దిమ్మలు పాత కోళ్ల కింద తెల్లగా ఉన్నాయి. కిటికీలో ఆమె ఇచ్చిన టేపు ఉంది. దాన్ని తీసి, వంగలేక నాకిచ్చి, నేల మీంచి పరుపు దాకా కొలవమంది. కొలిచాను.

“ఎంత?” అంది.

“పందొమ్మిది.”

ఆమె ఆ మంచం మీద కూర్చుంది. కాళ్లు నేలకు సరిగ్గా ఆనాయి. కాసేపు కిటికీలోంచి లారీలను చూసింది. అనివార్య కారణాలంటే ఏమిటని నన్ను అడిగింది. నేనే అన్నాను. మొత్తం చెప్పేశాను, ఇరవై రోజులతో సహా. ఆమె అరుగు మీదికి వచ్చి సామ్యూల్ అంకుల్‌తో మాట్లాడింది. ఆ మాటలు నేను కమలక్కకు తెలుగులో చెప్పాలి కాబట్టి ఇప్పటికీ గుర్తున్నాయి. మీ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. మీరు నన్ను మా ఊరి మేయర్‌లా చూసుకున్నారు. కానీ ఇక్కడ ఒకరు నా మోకాలిని చూడకుండానే దానికి మంచం చేయించారు. మిగిలిన రోజులు ఇక్కడుంటే మీరు బాధపడతారా?

బాధపడ్డారు. ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కొత్త కర్టెన్లు, బట్టీ పట్టిన రెండు వాక్యాలు, పదేళ్ల ఉత్తరాలు. జేబులోంచి డైరీ తీశారు. ఆ రోజు పేజీ తెరిచి, ఒక గీత కొట్టి, ఏదో రాశారు. మూత పెట్టిన కలాన్ని జేబులో పెట్టుకుని కమలక్కవైపు తిరిగారు.

“సూట్‌కేసు మధ్యాహ్నం రెండింటికి తెస్తానమ్మా. నేను ముందే మీ ఇంటికి వచ్చి చూడాల్సింది. 2003లోనే.”

కమలక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని గదిలోకి చూసింది.

“దుప్పటి మార్చాలె. దుమ్ము పడ్డది. మీరందరు జెర బైటికి నడువుండ్రి” అంది.

సామ్యూల్ అంకుల్ రెండింటికి ఐదు నిమిషాల ముందే వచ్చారు. సూట్‌కేసుతో పాటు, రెండు రాత్రులు ఎలెరి బాగుందన్న తలగడ కూడా తెచ్చారు. కమలక్క ఆయన్ని భోజనానికి కూర్చోబెట్టింది. నిమ్మకాయ పప్పు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. ఎలెరి ఆ ఇంట్లో ఎనిమిది రోజులుంది. పద్నాలుగో తారీఖున ఇద్దరూ దుకాణం తెరవలేదు. ఆ రోజు ఏం చేశారో నాకు తెలియదు, నన్ను రావొద్దన్నారు. భాష లేకుండా ఒక రోజంతా ఎలా గడిచిందని తర్వాత అడిగితే కమలక్క, గడిచిందని మాత్రమే చెప్పింది.

నాకు ఆ తర్వాత ఉద్యోగమొచ్చింది, చాలామందికి చాలా సిస్టమ్‌లు చేసి ఇచ్చాను. ఎవరికి ఏం కావాలో ముందు వాళ్లనే అడగాలని ఎవరైనా ట్రైనింగ్‌లో చెబితే, నాకు నిమ్మకాయల వాసన వస్తుంది. సమితి ఆల్బమ్‌లో ఆ ఏడాది ఫోటోలు నలభై రెండున్నాయి. శాలువాలున్నాయి, దండలున్నాయి, ఎలెరి పదకొండింటిలో ఉంది. కమలక్క ఒక్కదాంట్లోనూ లేదు. ఫోటోలు తీసే టైముకి ఆమె ఎప్పుడూ పొయ్యి దగ్గరో, గంపల దగ్గరో ఉండేది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలా వేరే దేశం వాళ్లు వచ్చి దిగి ఉంటారు. వాళ్ల ఫోటోలు మీ దగ్గర ఉండే ఉంటాయి. వాళ్లకు వండిపెట్టి, పక్క పరిచి, ఫోటోలో లేకుండా పోయినవాళ్ల గురించి నాకు రాయండి. వాళ్ల పేరు, వాళ్లు చేసిన ఒక్క పని. ఎంత చిన్నదైనా సరే, ఉన్నదున్నట్టు రాయండి.